ఇంజిన్‌కు తెలియని ఏసీ

మా ఆయనకు చెమట పట్టదు. ఎండలో కూర్చోబెట్టినా, జ్వరం వచ్చినా, ఛాతీ నుంచి కిందికి ఒక్క బొట్టు రాదు. మేం నడిపే పిండి గిర్నీకి పసుపు పట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లు ఈ మాట విని మొదట నవ్వేవాళ్లు. "చెమట రాకుంటే మంచిదే గదనే, మేం రైకలు తడిసి సస్తున్నం" అనేవాళ్లు. నేను వాళ్లను తప్పు పట్టను. చెమటే మనిషిని బతికిస్తుందని ఆయన పడిపోయేదాకా నాకూ తెలియదు.

ఆయన మోటార్ల పని చేసేవాడు. ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో బోరు మోటారు కాలినా, స్టార్టరు పట్టకపోయినా ఆయనకే ఫోన్ వచ్చేది. మా గిర్నీ మోటార్లూ ఆయన చేతి మీదే నడిచాయి. ఒకరోజు ఒక రైతు పొలంలో షెడ్డు మీదికెక్కి వైరు లాగుతుంటే రేకు విరిగి కింద పడ్డాడు. వెన్నుపూస దెబ్బతింది. చేతులు మిగిలాయి, మాట మిగిలింది. ఛాతీ కింద ఒళ్లు ఆయన చెప్పినట్టు వినడం మానేసింది. హైదరాబాదు దవాఖాన నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. ఒళ్లు వేడెక్కినప్పుడు చెమట పట్టించమని మెదడు పంపే కబురు ఆయనకు కిందిదాకా చేరదట. ఎండాకాలం ఆయన ఒంటిని మేమే చల్లగా ఉంచాలట. అశ్రద్ధ చేస్తే ప్రాణం మీదికి వస్తుందని రెండుసార్లు చెప్పింది.

ఇంట్లో కూలరు పెట్టి, నేల తడుపుతూ ఎలాగో నెట్టుకొచ్చాం. కష్టమంతా దారిలోనే. దవాఖానలో చేయించే కసరత్తుకూ పరీక్షలకూ నిజామాబాదు పోక తప్పదు. మా తమ్ముడు వేరే బండి కొనుక్కుని తన పాత చిన్న కారు మాకు ఇచ్చాడు. ఆ కారు రకాల్లో అన్నిటికన్నా కిందిది అది. ఏసీ బొత్తాలు ఉండాల్సిన చోట ఒక ప్లాస్టిక్ మూత ఉండేది. నేను ఆ కారు మీదే నడపడం నేర్చుకున్నాను. ఆయన్ని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి ముందు సీటులోకి మార్చడం కూడా అలాగే నేర్చుకున్నాను.

మొదటి ఎండాకాలం తడిబట్టలతో గడిచింది. కిటికీలకు తడిపిన గోనెసంచులు వేలాడదీసి, ఆయన మీద తడి తువ్వాలు కప్పి, పొద్దు పొడవకముందే బయలుదేరేవాళ్లం. పోవడం బాగానే ఉండేది. మా వంతు వచ్చి, కసరత్తు అయి బయటపడేసరికి మిట్టమధ్యాహ్నం అయ్యేది. ఒకసారి తిరుగు దారిలో ఆయన మాట తడబడింది. నేను ఒకటి అడిగితే ఇంకొకటి చెప్పాడు. చెయ్యి వేసి చూస్తే ఒళ్లు కాలుతున్న పెనంలా ఉంది. రోడ్డు పక్కన ఒక కళ్లంలో పసుపు కొమ్ములు ఎండబోసి ఉన్నాయి. అక్కడ కారు ఆపి, కళ్లం పక్కనున్న డ్రమ్ములోని నీళ్లు బిందెతో ముంచి ఆయన మీద గుమ్మరించాను. ఆ కళ్లం రైతు భార్య ఏమీ అడగకుండా తానూ ఒక బిందె అందుకుంది. చాలాసేపటికి గానీ ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. ఇంటికి చేరేలోపే నేను గట్టిగా అనుకున్నాను, ఎట్లాగైనా సరే ఈ కారులో ఏసీ ఉండాలని.

పెర్కిట్ చౌరస్తా దగ్గర కార్లకు ఏసీలు బిగించే మెకానిక్ ఒకడున్నాడు. నాకంటే చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు. బయట దొరికే ఏసీ కిట్టు తెచ్చి బిగించాడు. ఇంజిన్ పక్కన దాని బలంతోనే తిరిగే కంప్రెసర్, దానికి కరెంటు కలిపే రిలే, ముందు జాలీ, లోపల చల్లగాలి పెట్టె, స్టీరింగు కింద ఒక స్విచ్చు. స్విచ్చు నొక్కగానే గాలి మంచులా వచ్చింది. మా ఆయన కళ్లు మూసుకుని, "ఇగ మనది గూడ పెద్దోళ్ల బండే" అన్నాడు. ఆ రోజు నిజామాబాదు పోయి వచ్చేటప్పుడు దారి పొడుగునా నిద్రపోయాడు. పడిపోయిన తరువాత ఆయన పగలు అంత హాయిగా నిద్రపోవడం నేను చూడలేదు.

ఆ సంతోషం ఎన్నో రోజులు నిలవలేదు. తిరిగి వస్తుంటే రైలు గేటు పడింది. బండ్లన్నీ వరుసగా ఆగాయి. నేను క్లచ్చు తొక్కి బ్రేకు మీద కాలు ఉంచాను. ఇంజిన్ ఒకసారి వణికి ఆగిపోయింది. తాళం తిప్పితే స్టార్ట్ అయింది. ఏసీ వేయగానే మళ్లీ వణికి ఆగింది. ఏసీ లేకుండా ఇంజిన్ నడుస్తుంది, ఏసీతో నిలవదు. గేటు తెరిచాక కూడా మా బండి కదలకపోయేసరికి వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి. మూసిన కారు క్షణాల్లో వేడెక్కింది. ఆయన చొక్కా గుండీలు విప్పి సీసాలోని నీళ్లు ఛాతీ మీద పోశాను. "ఏసీ బందువెట్టు, బండి పోనియ్యి, నాకేం గాదు" అన్నాడాయన. గొంతు వింటేనే తెలిసింది, ఆయనకు బాగా లేదని.

మర్నాడు మెకానిక్ దగ్గరికి పోయాను.

"బండి నిలవడ్డప్పుడు జర ఎక్సలేటర్ తొక్కి వట్టుండ్రి అక్కా. గీ కిట్లకు గంతే."

"ఒక కాలు క్లచ్చు మీద, ఒక కాలు బ్రేకు మీద. ఎక్సలేటర్ తొక్కడానికి ఇంకో కాలు యాడికెల్లి తెద్దు తమ్మీ?"

అతను నవ్వి, బానెట్ తెరిచి, ఇంజిన్‌కు గాలి పోయే చోట ఉన్న చిన్న స్క్రూ తిప్పాడు. ఇంజిన్ చప్పుడు పెరిగింది. ఏసీ వేసినా ఆగలేదు. బాగైందనుకున్నాను. కానీ కొద్ది రోజులకే స్టీరింగు ముందు, ఇంజిన్‌లో తేడా ఉందని చెప్పే పసుపు రంగు లైటు వెలిగింది. ఇంజిన్ దానంతట అదే పైకి ఎగిరి కిందికి పడేది, మళ్లీ ఎగిరేది. క్లచ్చు వదిలితే కారు ముందుకు దూకేది. నడుము దగ్గర పట్టు లేని మనిషి పక్కన ఉంటే దూకే బండి ఎలా నడపాలి? ఆయన బెల్టు మీద వేలాడినట్టు అయ్యేవాడు. మళ్లీ పోయాను.

"గీ బండికి ఇంతే అక్కా. స్క్రూ దించితే బందైతది, ఎక్కిస్తే దుంకుతది."

"ఇంతే అంటే నేనొప్పుకోను. ఏసీతోని వచ్చిన బండ్లు గేటు కాడ నిలవడ్తలేవా? అవి ఎట్ల నడుస్తున్నయి?"

"అవి కంపెనీయి."

"కంపెనీ వాళ్లు ఏం జేసిండ్రో మనం గూడ గదే చేద్దాం. ఏందో చూడు."

అతను ఇంకో బండి పనికి వంగాడు. నేను అక్కడి నుంచి కదలలేదు. చివరికి, "సరే, పొద్దూకినంక ఇంటికొస్త, అన్నకు గూడ జెప్పి పోత" అన్నాడు. నా మీద ఫిర్యాదు చేయడానికే వస్తున్నాడనుకున్నాను.

వచ్చాడు. మా ఆయన మంచం మీద దిండ్లకు ఆని కూర్చుని ఉన్నాడు. మెకానిక్ జరిగిందంతా చెప్పాక ఆయన ఒకటే అడిగాడు.

"తమ్మీ, స్విచ్చు నొక్కితే కరెంటు యాడికి పోతది?"

"రిలేకు పోతదన్నా. రిలేల నుంచి కంప్రెసర్‌కు."

"నడుమల?"

"లోపల చల్లగైతే బందు జేసేటిది ఒకటున్నది. గ్యాసు ప్రెషర్ చూసేటిది ఒకటున్నది."

"మరి ఇంజన్‌ను నడిపిచ్చే కంప్యూటర్ యాడున్నది ఇందుల?"

మా ఇంట్లో పడి ఉన్న ఒక పెళ్లికార్డు వెనక మెకానిక్ బొమ్మ గీసి చూపించాడు. అందులో కంప్యూటర్ లేదు. "దానికి దీనితోని సంబంధం లేదన్నా. కిట్టు వేరే, కంప్యూటర్ వేరే. పాత జీపులకు గిట్లనే ఏసిన, ఎన్నడు బందు గాలె."

"పాత జీపుకు కంప్యూటర్ లేదు, స్క్రూ తిప్పితే ఇన్నది. దీనికి ఉన్నది. మార్కెట్ల హమాలీ వీపు మీద బస్తా ఏసేటప్పుడు జెప్పి ఏస్తరు. ఆయన కాళ్లు కుదురుగ వెట్టుకుంటడు. జెప్పకుండ ఎన్కకెల్లి ఏస్తే బోర్లవడ్తడు. మన స్విచ్చు ఇంజన్ మీద జెప్పకుండ బస్తా ఏస్తున్నది."

ఆయన అంతటితో ఆపలేదు. బోరు స్టార్టరులో పచ్చ బొత్తాం మోటారును నేరుగా నడపదని, నడపమని అడుగుతుందని చెప్పాడు. ఇక్కడా స్విచ్చు పని అడగడమేనని, కంప్యూటర్ ముందుగా ఇంజిన్‌ను సిద్ధం చేసి, ఆ తరువాత కంప్రెసర్‌ను కలపాలని, మెకానిక్ గీసిన బొమ్మ మీదే వేలితో గీస్తూ చూపించాడు. మెకానిక్ మంచం పట్టె మీద కూర్చున్నాడు. వాళ్లిద్దరి మాటలు వింటూ నేను వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను. దవాఖాన నుంచి వచ్చాక ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది అదే మొదలు.

అదే రకం కారు, ఏసీతో వచ్చింది, ఊళ్లో విత్తనాల దుకాణం సేటు దగ్గర ఉంది. రెండు కార్లను పోల్చి చూస్తే మా కారుకు ఏం తక్కువైందో తెలుస్తుందని మా ఆయన అన్నాడు. పొద్దున చల్లగా ఉండగానే ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, మెకానిక్‌ను వెంటబెట్టుకుని దుకాణానికి పోయాను. సేటు చేతులు అడ్డం పెట్టాడు.

"వద్దమ్మా. వైర్లు ముట్టుకుంటే నా బండి ఖరాబైతది."

"వైరు కొయ్యం సేటు. కరెంటు చూసే మీటరు సూది ఆనించి చూస్తం, అంతే. మీరు పక్కనే నిలవడుండ్రి. వద్దనిపిస్తే ఆపుమనుండ్రి, ఆపుతం."

"గాయన ఎట్లున్నడు?" అని అడిగాడు సేటు. మా ఆయన ఒకప్పుడు అతని బోరు మోటారు బాగుచేశాడు.

"అగో, కార్ల గూసున్నడు. మీరే అడుగుండ్రి."

సేటు కారు దగ్గరికి వచ్చి, కిటికీలోంచి మా ఆయన చెయ్యి పట్టుకుని మంచీ చెడ్డా అడిగాడు. తరువాత తాళాలు తెచ్చి మెకానిక్ చేతిలో పెట్టాడు.

మెకానిక్ కంప్యూటర్ ప్లగ్గు దగ్గర మీటరు పెట్టాడు. నేను సేటు కారులో కూర్చుని, ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ బొత్తాం నొక్కాను. మా ఆయన మా కారులోంచే, "నొక్కు... బందువెట్టు... మల్లా నొక్కు" అని కేకేస్తున్నాడు. నొక్కగానే ఒక వైరులోకి కరెంటు వచ్చింది. వెంటనే ఇంజిన్ చప్పుడు కొంచెం పెరిగింది. అప్పుడు గానీ కంప్రెసర్ టక్కుమని పట్టలేదు.

"ఇన్నరా? ముందుగాల అడిగింది. ఇంజన్ తయారైనంక ఇచ్చింది" అన్నాడు మా ఆయన.

మా కారు ప్లగ్గు ఊడదీసి చూస్తే ఆ వైరు ఉండాల్సిన రంధ్రం ఖాళీగా ఉంది. కంప్రెసర్‌ను కలపమని కంప్యూటర్ చెప్పే రంధ్రమూ ఖాళీయే. కంప్యూటర్ మాత్రం రెండు కార్లలోనూ ఒకే రకం.

మెకానిక్‌కు భయం పట్టుకుంది. "తప్పు రంధ్రంల కరెంటిస్తే కంప్యూటర్ కాలుతది అక్కా. బండి మూలకు వడ్తది. గా పాపం నాకొద్దు."

"కాలకుండ చెయ్యాలె. భయమైతే నిమ్మలంగ చెయ్యి, ఒక్కొక్కటి మీటరు వెట్టి చూసుకుంట చెయ్యి. చెయ్యనని మాత్రం అనకు" అన్నాను.

ఆ రంధ్రాల్లో సరిపోయే పిన్నుల కోసం అతను నిజామాబాదులో పాత బండ్ల సామాను అమ్మే దుకాణాలన్నీ తిరిగాడు. దొరికాక మా గిర్నీ ముందు వేపచెట్టు నీడలో పని మొదలుపెట్టాడు. మా ఆయన చక్రాల కుర్చీలో పక్కనే కూర్చుని ప్రతి వైరు పేరు పైకి చెప్పించాడు. స్విచ్చు వైరు, చల్లబడితే ఆపే థర్మోస్టాట్ మీదుగా, గ్యాసు ప్రెషర్ చూసే స్విచ్ మీదుగా కంప్యూటర్‌కు పోయింది. కంప్యూటర్ నుంచి ఇంకో వైరు కంప్రెసర్ రిలేకు వచ్చింది. తిప్పిన స్క్రూను పాత చోటికి తెచ్చాడు. ప్లగ్గు పెట్టి తాళం తిప్పితే ఇంజిన్ మామూలుగా నడిచింది. కంప్యూటర్ కాలలేదు. నేను స్విచ్చు నొక్కాను.

ఏమీ కాలేదు. ఇంజిన్ పెరగలేదు, కంప్రెసర్ పట్టలేదు, గాలి వేడిగానే వచ్చింది.

వైర్లన్నీ మళ్లీ చూశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మెకానిక్ చేతులు తుడుచుకుని, "పాతదే మేలుండె. గదే లెక్క మల్లా కలిపిస్త అక్కా. ఎండలు ముదురుతున్నయి, అన్నకు గా చల్లగాలన్న ఉంటది" అన్నాడు. దయతోనే అన్నాడు. నాకూ ఒక్క క్షణం సరే అనాలనిపించింది. గేటు దగ్గర ఆయన గొంతు గుర్తొచ్చింది. సగం దారిలో ఆగిపోయే చల్లదనాన్ని నమ్ముకోవడం కన్నా తడి తువ్వాలే నయం.

"వద్దు తమ్మీ. కంప్యూటర్ లోపల ఏమున్నదో చూసేటోళ్లు యాడుంటరో చెప్పు" అన్నాను.

నిజామాబాదులో ఒకాయన ఉన్నాడని చెప్పాడు. ఇదివరకు ఒక పెద్ద కారు షెడ్డులో పనిచేసి, ఇప్పుడు సొంతంగా చిన్న గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కార్ల కంప్యూటర్లు చూస్తాడు. నేనూ మెకానిక్ పోయి వస్తామంటే మా ఆయన ఒప్పుకోలేదు. "బండితోని నేనూ వస్త" అన్నాడు. ఏసీ పనిచేయని కారులో, పాత తడి తువ్వాలు కప్పుకుని, తెల్లవారుజామునే బయలుదేరాడు.

ల్యాప్‌టాప్ అతను స్టీరింగు కింద ఒక వైరు గుచ్చి తెరలోకి చూస్తూ నన్ను స్విచ్చు నొక్కమన్నాడు.

"మీరు అడుగుతున్నది దీనికి ఇనవస్తున్నదమ్మా. వైరింగు మంచిగ చేసిండ్రు. కని ఈ బండికి ఏసీ లేదని దీని మెమరీల ఉన్నది. గందుకే పలుకుతలేదు."

"ఉన్నదని చెప్పరాదా మరి?"

"చెప్పొచ్చు. కని మార్చేటప్పుడు కరెంటు తగ్గిందనుకో, కంప్యూటర్ మొత్తం పోవచ్చు. అన్ని బండ్లకు ఒప్పుకోను నేను."

మెకానిక్ నా వైపు చూశాడు. మా ఆయన మాత్రం అతనితో, "బ్యాటరీకి ఇంకో బ్యాటరీ జోడిచ్చి చెయ్యండ్రి. కరెంటు ఎట్ల తగ్గుతది?" అన్నాడు. అతను, "అట్లనే చేద్దాం" అని లోపలి నుంచి పెద్ద బ్యాటరీ తెప్పించాడు.

తెర మీద గీత నెమ్మదిగా నిండుతుంటే నేను చూడలేక బయటికి వచ్చాను. గోడ నీడ అప్పటికే సన్నబడుతోంది. లోపల ఉన్నది ఒక చిన్న కారు, అంతే. కానీ అది పాడైతే మా ఇద్దరికీ మళ్లీ ఆ నాలుగు గోడలేనని తెలుసు. మెకానిక్ వచ్చి, "అక్కా, రా. నువ్వే నొక్కాలెనంట" అన్నాడు.

తాళం తిప్పాను. ఇంజిన్ నెమ్మదిగా నడుస్తోంది. స్విచ్చు నొక్కాను. రెప్పపాటు ఏమీ లేదు. తరువాత ఇంజిన్ చప్పుడు కొద్దిగా లేచింది, ఆ వెంటనే కంప్రెసర్ పట్టింది. ఇంజిన్ వణకలేదు. చల్లగాలి నా మణికట్టుకు తగిలింది. మా ఆయన రెండు చేతులూ గాలి పెట్టె ముందు పెట్టి నవ్వుతున్నాడు. మెకానిక్ బానెట్ మీద చెయ్యి ఆనించి, ఇంజిన్ ఆగుతుందేమోనని ఇంకా చూస్తూనే ఉన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు పసుపు బస్తాల లారీని దాటుదామని గట్టిగా తొక్కాను. చల్లగాలి తగ్గిపోయింది. "పాయె, మల్లా పాయె!" అన్నాను. లారీ దాటి కాలు తేలిక చేయగానే మళ్లీ చల్లబడింది. వెనక సీట్లోంచి మెకానిక్ పకపకా నవ్వాడు. "భయపడకక్కా. నువ్వు జోరుగ తొక్కితే కంప్యూటరే జరసేపు కంప్రెసర్ బందువెడ్తది, ఇంజన్‌కు బలం ఇయ్యనీకి. వేడెక్కినా గంతే. ఇయ్యాల నేను గూడ నేర్చుకున్న."

ఆ ఎండాకాలం రైలు గేటు దగ్గర ఎన్నిసార్లు ఆగామో. మొదట్లో ఇంజిన్ చప్పుడు వింటూ ఊపిరి బిగబట్టేదాన్ని. తరువాత ఆ సంగతే మరిచిపోయి, గేటు పడితే సంచిలో ఉన్న జామకాయలు కోసి ఇద్దరం తినేవాళ్లం. కసరత్తు ఒక్కసారి కూడా తప్పలేదు. ఆయన భుజాలు గట్టిపడ్డాయి. కుర్చీలోంచి సీటులోకి మారడానికి ఇప్పుడు నా చెయ్యి పేరుకే.

మెకానిక్ ఇప్పటికీ వస్తుంటాడు. ఏసీ లేని కంప్యూటర్ బండి షెడ్డుకు రాగానే ఫోన్ చేస్తాడు. నవీపేట్ నుంచో సిరికొండ నుంచో వచ్చిన బండి బొమ్మ పట్టుకుని మా మంచం పక్కన కూర్చుంటాడు. కొన్ని కంప్యూటర్లలో ఆ రంధ్రమే ఉండదు, అలాంటప్పుడు వద్దని చెప్పి పంపిస్తారు. కుదిరిన వాటిని ఇద్దరూ కలిసి చేస్తారు. మా ఆయన దగ్గర మీటరు ఉంది, మోటార్ల పనికి పోయేటప్పటి పాత చేతి సంచి ఇప్పుడు కుర్చీకి వేలాడుతోంది.

మొన్న ఎండలు బాగా కాస్తున్నప్పుడు ముప్కాల్‌లో చుట్టాలింట్లో చావు జరిగితే దినకర్మకు పోయాం. దినం మధ్యాహ్నం పెట్టారు. ఇదివరకైతే నేనొక్కదాన్నే పోయి వచ్చేదాన్ని. తిరిగి వస్తుంటే రోడ్డు పక్క పొలంలో ఒక రైతు స్టార్టరు డబ్బా మూత తెరిచి తల పట్టుకుని నిలబడ్డాడు. మా ఆయన కారు ఆపమన్నాడు. కిటికీ సగం దించి, "ఏమైంది కాకా?" అని అడిగాడు.

"మోటరు మూలుగుతున్నది, తిరుగుతలేదు బిడ్డా."

"బొత్తాం ఇడిసిపెట్టు ముందు, కాలుతది. మూడు ఫేజులు వస్తున్నయా? టెస్టరు ఉన్నదా నీ దగ్గర?"

రైతు అటూ ఇటూ పరుగెత్తుతూ చెప్పినవన్నీ చూశాడు. వేడిగాలి లోపలికి కొడుతోంది. "కిటికీ ఎక్కియ్యి, ఎండ తగుల్తది" అన్నాను. "జర ఆగు" అన్నాడు నా వైపు తిరగకుండానే. నేను చల్లగాలి పెద్దగా పెట్టి ఆయన మొహం వైపు తిప్పాను. కరెంటు మూడు వైర్లలోనూ వస్తోంది, మోటారు మాత్రం తిరగలేదు.

"వైండింగు కాలినట్టున్నది కాకా. ఇప్పి ఆర్మూరు తీస్కరా, నేను చూస్త" అంటూ మా గిర్నీ గుర్తులు చెప్పాడు. కిటికీ ఎక్కించుకుని, నన్ను బండి పోనిమ్మన్నాడు.